రాతిలో ఎండ్రకాయ

ఉదయగిరి నుంచి సముద్రానికి పోవాలంటే పొద్దున్నే లేవాలి. వింజమూరు, కలిగిరి మీదుగా కావలి బస్సు, కావలి నుంచి ఒడ్డుకు షేర్ ఆటో. ఎండ నెత్తికెక్కే లోపు ఇసుక మీద నడవాలంటే మొదటి బస్సే దిక్కు. నెలకో ఆదివారం పచారీ కొట్టు మూసి నేను ఆ బస్సెక్కేవాణ్ణి. పప్పులు, బెల్లం అమ్ముకునే మనిషికి సముద్రం దగ్గర ఏం పని అని తెలిసినవాళ్ళు అడిగేవాళ్ళు. చేపలకా అని ఒకరు, ఉప్పుకా అని ఒకరు. రాళ్ళకు అంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. “శెట్టీ, రాళ్ళకి గూడా గిరాకీ వచ్చిందా?” అని కండక్టరు ఒకసారి పెద్దగా అడిగితే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. చేప ముట్టని ఇంట్లో పుట్టినవాడు ఎప్పుడో చచ్చిన గుల్లల కోసం నెలనెలా సముద్రానికి పోతుంటే నవ్వరా మరి.

నేను వెతికేది శిలాజాలు. ఒకప్పుడు బతికి, చచ్చి, బురదలో కూరుకుపోయి, ఆ బురదతో పాటే రాయైపోయిన గుల్లలు, నత్తలు. మన ఒడ్డున దొరికేవి మరీ పాతవి కావు. కావలిలో పరిచయమైన ఒక కాలేజీ లెక్చరరు వాటిని తిప్పి తిప్పి చూసి, వేల ఏళ్ళవే గాని లక్షల ఏళ్ళవి కావన్నాడు. నాకు వేలయినా ఎక్కువే. మా కొట్టు పెట్టింది మా తాత, అంతకు ముందు మా వంశంలో ఎవరేం చేశారో నాకు తెలియదు. వాయుగుండం పట్టి సముద్రం ఎగిసినప్పుడు అడుగునున్న పాత గడ్డలు పెకలి ఒడ్డుకొస్తాయి. బూడిదరంగులో ఉంటాయి. జనం వాటిని కాలితో తన్నుకుంటూ పోతారు. పొడిగా ఉన్నంతసేపు అది ఉత్త రాయే. తడిపితే లోపలున్న దాని అంచు నల్లగా తేలుతుంది. అందుకని నా సంచిలో రెండు నీళ్ళ సీసాలుండేవి. ఒకటి తాగడానికి, ఒకటి రాళ్ళకు.

ఈ పిచ్చి ఒక పెళ్ళిలో పట్టింది. కావలిలో చుట్టాల పెళ్ళి. భోజనాలు ఆలస్యమవుతాయంటే కొంతమందిమి ఆటోలో సముద్రం చూడబోయాం. కాలికి ఒక రాయి తగిలింది. దానికి చిన్న గుల్ల అంటుకుని ఉంది. గోటితో పెకలించబోయాను. గోరు విరిగింది గానీ గుల్ల ఊడలేదు. పట్టి చూస్తే గుల్ల కూడా రాయే. ఆ రాయి జేబులో వేసుకుని పెళ్ళి భోజనానికి కూర్చున్నాను. ఏం వడ్డించారో ఇప్పటికీ గుర్తులేదు.

నా భార్య మొదట్లో నన్ను బాగా ఆటపట్టించింది. “బియ్యంలో రాళ్ళు ఏరి మేం బయట పారేస్తా ఉంటే, మీరేంది, బయట రాళ్ళు ఏరి ఇంట్లోకి తెస్తా ఉండారు?” అనేది. వరండాలో గోడకు చెక్కలు కొట్టించి రాళ్ళు పేర్చుకున్నాను. ఆమె వాటి మీద దుమ్ము దులిపేది, గొణిగేది, కానీ ఒక్కదాన్ని కూడా చోటు మార్చేది కాదు. పూజలో ఉండే సాలగ్రామం కూడా ఇట్లాంటిదే, అదీ ఒకప్పటి సముద్రపు జీవి గుల్లేనట అని లెక్చరరు చెప్పింది ఆమెకు చెబితే చెవులు మూసుకుంది. “ఆ మాట మా అమ్మ ముందర మాత్రం అనబాకండి” అంది.

మాకు పిల్లలు లేరు. ఆదివారం నేను పోతే ఇంట్లో ఆమె ఒక్కతే. రెండో ఏడు నుంచి తనూ రావడం మొదలుపెట్టింది. పులిహోర కట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నా వెనకే నడిచేది. నాదంతా హడావిడి. ఒడ్డు పొడుగూతా నడిచి అంతా ఒక్కరోజులో చూసేయాలని. ఆమె అట్లా కాదు. ఒకచోట కూర్చుని, ముందున్న జానెడు ఇసుకను చేటలో బియ్యం చూసినట్టు చూసేది. చేత్తో పక్కకు నెడుతూ, ఏరుతూ. ముప్ఫై ఏళ్ళు మా కొట్టు బియ్యం, కందిపప్పు చూసిన కన్ను అది. సాయంత్రానికి నా సంచిలో బరువుండేది, ఆమె సంచిలో సరుకుండేది.

ఒకసారి తుఫాను వెలిసిన వారానికి పోయాం. అప్పటికి ఆమెకు మోకాళ్ళ నొప్పులు. సరుగుడు తోపు నీడలో కూర్చుంటానని, నన్ను పొమ్మంది. నేను ఎండలో చాలాదూరం పోయి, చెప్పుకోదగ్గది ఏదీ దొరక్క, మాడు పగిలి తిరిగొచ్చాను. ఆమె అరచేతిలో ఒక గడ్డ పెట్టి చూపించింది.

“ఇది చూడండి. దీంట్లో ఏందో ఉండాది.”

“మట్టిగడ్డ. పారెయ్” అన్నాను. సరిగ్గా చూడను కూడా లేదు. ఆకలి, ఎండ, ఉక్రోషం.

ఆమె పారెయ్యలేదు. టిఫిన్ సంచిలో వేసుకుంది. కావలి బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు, తాగే నీళ్ళ సీసా మూత తీసి, గడ్డ మీద కొంచెం కొంచెంగా పోసి, కొంగుతో రుద్ది నా ఒళ్ళో పెట్టింది. ఎండ్రకాయ. డొప్ప, కళ్ళ దగ్గర నొక్కు, రొమ్ము కింద ముడుచుకున్న రెండు డెక్కలు, పక్కల నుంచి సన్నటి కాళ్ళు. ఒక్క కాలు కూడా విరగలేదు. నిద్రపోతున్నట్టు ఉంది.

“మనింట్లోకి వచ్చే మొదటి ఎండ్రకాయ” అని నవ్వింది. “మా అమ్మ చూస్తే పసుపునీళ్ళు చల్లందే లోపలికి రానీదు.”

ఇక్కడి నుంచి నేను చెప్పేది నాకు సిగ్గు తెచ్చే సంగతి. లెక్చరరు దాన్ని చూడటానికి పనిగట్టుకుని ఉదయగిరి వచ్చాడు. వరండాలో కూర్చుని భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఇట్లా పూర్తిగా ఉన్నది తాను మన ఒడ్డున చూడలేదన్నాడు. ఎవరికి దొరికిందని అడిగాడు. “నాకే సార్. తుఫాను తర్వాత” అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి కాళ్ళు కాల్చుకుంది నేను. బస్సులో నవ్వులపాలైంది నేను. నీడలో కూర్చున్న మనిషికి అది దొరకడం నేను ఓర్చుకోలేకపోయాను. “మీ కన్ను మంచిదండీ” అన్నాడు లెక్చరరు. సరిగ్గా అప్పుడే ఆమె కాఫీ గ్లాసులతో గడప దాటింది. గ్లాసులు పెట్టి లోపలికి పోయింది.

ఆయన వెళ్ళిపోయాక ఒక్కమాట అంది. “అంత మంచి కన్నా మీది?” నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను. ఆ నవ్వుతో అది పోయిందనుకున్నాను.

పోలేదు. ఒకసారి అన్నాక రెండోసారి కాదనడం కష్టం. రాళ్ళ వివరాలు రాసుకునే నోటుపుస్తకంలో కూడా నా పేరే రాసుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అదే కథ. కథ చెప్పేకొద్దీ పెరిగింది. అలలో వంగి పట్టుకున్నానని, కెరటం వెనక్కు లాగబోతే వదల్లేదని. ఆమె పక్కనే ఉండి వినేది. ఒక్కరోజు కూడా అందరి ముందు కాదనలేదు. ఎప్పుడో ఒకరోజు నేనే సరిచేస్తాలే అనుకునేవాణ్ణి. అట్లా అనుకుంటూ ఏళ్ళు గడిపాను.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, రొమ్ములో పట్టేసినట్టు ఉందని కూర్చుంది. అంబులెన్సు ఆత్మకూరు దాటలేదు. దారిలో నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను ఏవో ధైర్యం మాటలు చెప్పాను. చెప్పాల్సింది చెప్పలేదు. ఆమె పోతుందని నాకు తెలియదు కదా.

మా వాళ్ళలో మనిషి పోతే మొదటి రోజే ఒక రాయిని తెచ్చి, పోయిన ప్రాణిని అందులోకి పిలుస్తారు. దాన్ని పాషాణం అంటారు. బట్ట పేలికలో చుట్టి, దర్భల మీద పెట్టి, పది రోజులు దానికే నువ్వులూ నీళ్ళూ వదులుతారు, దానికే పిండం పెడతారు. ఆ పది రోజులూ మనిషి అందులో ఉన్నట్టే. పదోరోజు దాన్ని పారే నీళ్ళకు వదిలేస్తారు. మధ్యలో ఆ రాయి పోయిందంటే అంతా మొదటికొస్తుంది. పిల్లలు లేరు గనుక కర్మ నేనే చేశాను. ఊరి బయట తెలిసిన రైతు నిమ్మతోటలో, బోరు దగ్గర.

ఆ మొదటి రోజు ఎవరేం చేశారో నాకు తెలియదు. కర్మ చేయించే అయ్యవారు చెయ్యి చాపమంటే చాపాను, నీళ్ళు వదలమంటే వదిలాను. తెల్లటి పేలికలో చుట్టిన రాయి నా ముందుంది. అంతే తెలుసు. మూడో రోజు నీళ్ళు పోస్తుంటే తడిసిన పేలిక పక్కకు జారింది. రాయి మీద నీళ్ళు పడ్డాయి. డొప్ప, కళ్ళ దగ్గర నొక్కు, ముడుచుకున్న డెక్కలు, ఒక్కొక్కటే నల్లగా తేలాయి.

నా చేతిలో చెంబు పడిపోయింది. నా వెనక ఉన్న వదిన, అంటే నా భార్య అక్క, ముందుకు వంగి చూసింది. ఆమెది ఆత్మకూరు. పిండానికి అన్నం రోజూ ఆమే వండేది. “అయ్యో, ఇదేంది, ఎండ్రకాయ!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఎండ్రకాయలోకా మా చెల్లెల్ని పిలిచినారు?”

అందరూ బావమరిది వైపు చూశారు. రాయి తెమ్మని మొదటి రోజు పంపింది అతణ్ణే. నా భార్య తమ్ముడు, నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా తలొంచుకున్నాడు.

“బావా, అయ్యవారు నున్నటి రాయి ఒకటి బిన్నా తెమ్మని తొందరపెట్టినాడు. ఆ ఏడుపుల్లో యాడికి పొయ్యేది? వరండాలో నిండా రాళ్ళుండాయి గదా అని చేతికొచ్చింది తీసుకోనొచ్చినాను. బోర్ల పడుండింది బావా, నాకేం కనపళ్ళేదు.”

అతన్ని నేనేమనగలను? రాళ్ళకు కొదవలేని ఇల్లు మాది. ఇంకే ఇంట్లోనూ ఈ తప్పు జరగదు. మార్చడానికి వీలుంటుందా అని అయ్యవారిని అడిగాను. ఆయన ముసలాయన, మెత్తటి మనిషి. “పిలవడం అయిపోయింది. ఇంక అది రాయి గాదు, నీ భార్య. ఎట్లా మారుస్తావు?” అన్నాడు. ఎండ్రకాయ సంగతి వదిన మళ్ళీ ఎత్తితే, “దేవుడే చేపగా, తాబేలుగా వచ్చినాడమ్మా. దీనికేం వచ్చింది?” అని నీళ్ళు వదలమన్నాడు.

తర్వాత వారం రోజులు నేను దేనికి ఏడ్చానో చెబితే ఎవరూ క్షమించరేమో. ఆమె పోయినందుకు ఏడ్చాను, నిజం. పదోరోజు ఆ రాయి పోతుందని కూడా ఏడ్చాను. అది ఆమె చేత్తో ఏరింది. ఆమె కొంగుతో రుద్దింది. నాకు ఆమె గుర్తుగా ఏదైనా ఉంచుకునే వరం ఉంటే, నగా వద్దు, చీరా వద్దు, అదే కోరుకుంటాను. అట్లా నాకు నేను చెప్పుకున్నాను. దాని కింద ఇంకో మాట కూడా ఉంది. మన ఒడ్డున అట్లాంటిది ఇంకొకటి దొరకదు. రెండు మాటలూ నిజమే కావడం నా ఖర్మ.

పదోరోజు పొద్దున అందరం ఆత్మకూరు అవతల పెన్న ఒడ్డుకు బయల్దేరాలి. రాయిని రోజూ నిమ్మచెట్టు మొదట్లో బోర్లించిన కుండ కింద పెట్టేవాళ్ళం. తెచ్చుకొస్తానని నేనే తోటలోకి పోయాను. చెక్కల మీద నుంచి అదే సైజు రాయిని ఒకటి ముందే సంచిలో వేసుకున్నాను. పేలిక విప్పి, ఎండ్రకాయను తీసి సంచిలో పెట్టి, ఆ ఉత్త రాయిని అదే పేలికలో చుట్టాను. ఎవరూ చూడలేదు. కారులో ఆత్మకూరు దాకా ఆ సంచి నా ఒళ్ళోనే ఉంది. దారిలో ఏ ఊళ్ళు వచ్చాయో నేను చూడలేదు.

పెన్నలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. విశాలంగా ఇసుక, అవతల పక్కగా సన్నటి పాయ. పదోరోజు దగ్గరి చుట్టాలంతా వరసగా వచ్చి రాయి మీద నువ్వులు, నీళ్ళు వదలాలి. బావమరిది వదిలాడు. తర్వాత వదిన వచ్చింది. ఆమె వదలడం కాదు, చెల్లెలికి తల స్నానం చేయించినట్టు రెండు చేతులతో పోసింది. పేలిక తడిసి రాయికి అతుక్కుంది. ఆమె పేలిక కొస పట్టుకుని మెల్లగా తొలగించింది. ఇంకోసారి చూసుకుందామనే కావచ్చు. మళ్ళీ నీళ్ళు పోసింది. ఏమీ తేలలేదు. ఇంకొంచెం పోసింది.

తలెత్తి నా మొహం చూసింది. తర్వాత నా ఒళ్ళో సంచి చూసింది.

“యాడికి పోయింది అబ్బయ్యా?” అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

“దాన్ని నువ్వు పెట్టుకోని, మా చెల్లెల్ని యాడికి పంపిస్తా ఉండావు?”

అరిచి ఉంటే నేను ఎదురు చెప్పేవాణ్ణేమో. ఆమె అరవలేదు. అన్నం వండి వండి పొగకు ఎర్రబడ్డ కళ్ళతో నన్నే చూస్తూ నిలబడింది. అప్పటిదాకా నేను రాయినే దాచుకున్నాననుకున్నాను. మనిషిని దాచుకున్నానని ఆమె అడిగాక తెలిసింది. సంచిలో చెయ్యి పెట్టి ఎండ్రకాయను తీశాను. అయ్యవారు అంతా చూశాడు. మంత్రం ఆపి ఒక్క నిట్టూర్పు విడిచాడు. “తొమ్మిదినాళ్ళు నీళ్ళు తాగింది అదే గదా. దాన్నే పెట్టు” అన్నాడు. వేరే రాయిని ఆయనే తీసి పక్కన పెట్టాడు. వదలాల్సినవాళ్ళంతా మళ్ళీ మొదటి నుంచి నీళ్ళు వదిలారు. ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు.

చివరికి రాయిని నా చేతిలో పెట్టి, నదికి వీపు తిప్పి నిలబడమన్నారు. తల మీదుగా వెనక్కి విసరాలి. విసిరాక తిరిగి చూడకూడదు, నడుచుకుంటూ వచ్చేయాలి. పన్నెండేళ్ళుగా నా పని అంతా చూడటమే. కింద చూడటం, తడిపి చూడటం, తిప్పి చూడటం. తడి చేతిలో ఎండ్రకాయ నున్నగా ఉంది. బొటనవేలితో డొప్ప మీద ఒకసారి తడిమాను. బలమంతా పెట్టి విసిరాను.

నీళ్ళ చప్పుడు రాలేదు. మెత్తగా, ఇసుకలో పడిన చప్పుడు వచ్చింది. పాయ దాకా పోలేదు. నా కాళ్ళు ఆగాయి. “నడువు నాయనా, వానలొస్తే ఏరే తీసుకుంటాది” అని అయ్యవారు నా భుజం మీద చెయ్యి వేశాడు. నడిచాను.

స్నానాలు అయ్యాయి. కారులో వదిన, ఇంకో ఇద్దరు చుట్టాలు వెనక కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను. బండి నడపాల్సిన బావమరిది తాళం పెట్టలేదు. నా వైపు కూడా చూడకుండా మెల్లగా అన్నాడు.

“బావా, నేను చూసినాను. ఒడ్డుకి దగ్గర్లోనే పడింది. సగం పైకే కనిపిస్తా ఉండాది. జరగాల్సిందంతా జరిగిపాయ గదా. తప్పు చేసింది నేను. రెండు నిమిషాల్లో పోయి తెచ్చేస్తా. నీకు దొరికిన వస్తువు, ఎంత కష్టపడి పట్టుకున్నావో ఎన్నిసార్లు చెప్పినావు నాకు.”

వెనక్కి తిరగక్కర్లేదు. నేను చూడక్కర్లేదు. ఊ అంటే చాలు, సాయంత్రానికి అది మళ్ళీ చెక్క మీద ఉంటుంది. వెనక సీట్లో వదిన కూడా ఏమీ అనలేదు. పంపాల్సినదాన్ని పంపేసింది, ఇంక రాయి ఉత్త రాయే అనుకుందేమో. కారులో ఊపిరాడనంత వేడిగా ఉంది.

“వద్దురా” అన్నాను. “అది నాకు దొరకలేదు. మీ అక్కకి దొరికింది. సరుగుడు తోపు నీడలో కూర్చోని ఏరి నా చేతికిస్తే, మట్టిగడ్డ, పారెయ్ అన్నాను. నాకు దొరికిందని మీకందరికీ అబద్ధం చెప్పినాను.”

గట్టిగానే అన్నాను. వినాల్సిన మనిషి తప్ప కారులో అందరూ విన్నారు.